గుర్తు ఎవరిది, పూచీ ఎవరిది?

రాయగడ బజారులో ఒకే కొట్టు గుమ్మంలో తెలుగు, ఒడియా, కువి మూడు భాషలూ వినిపిస్తాయి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా ఈ నేల విశాఖపట్నం జిల్లాలోదే. ఆ తర్వాత కోరాపుట్ జిల్లాలో ఉండి, 1992 అక్టోబరు 2న రాయగడ సొంతంగా జిల్లా అయింది. సరిహద్దులు మారినా తెలుగు వర్తక కుటుంబాలు ఊరు వదల్లేదు. ఈ సంవాదం అలాంటి ఒక కుటుంబంలోది. మావయ్య తండ్రి నాటి నుంచి వచ్చిన పసుపు, చింతపండు, అల్లం, చోళ్లు, సామల వ్యాపారం చూసుకుంటున్నాడు. మేనకోడలు విశాఖలో ఆన్‌లైన్ మార్కెటింగ్ పని చేస్తుంది. కొట్టు సరుకును ఫోన్ల ద్వారా దూరపు ఊళ్లకు అమ్మాలని ఆమె పట్టు పట్టి, ఒక లోగో గీయించుకుని వచ్చింది. రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో ఇప్పుడు ఆన్‌లైన్‌లోకి అడుగు పెడుతున్న ప్రతి కొట్టూ, ప్రతి రైతు సంఘమూ ఈ వాదన చేసుకుని తీరాలని నమ్మి దీన్ని రాస్తున్నాను.

మేనకోడలు: మావయ్యా, చూడండి. మూడు త్రికోణాలు. పసుపు, ఆకుపచ్చ, ఎరుపు. కింద కొట్టు పేరు. వాట్సాప్ బిజినెస్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో, ప్యాకెట్టు మీద అన్నిచోట్లా ఇదే ఉంటుంది.

మావయ్య: కంటికి బాగానే ఉంది తల్లీ. కానీ అవసరమేమిటి? పార్వతీపురం నుంచి, సాలూరు నుంచి, విజయనగరం నుంచి ఇన్నేళ్లుగా వస్తున్న బేరగాళ్లు ఏ బొమ్మ చూసి వచ్చారు? పసుపు కొమ్ము విరిచి లోపలి రంగు చూస్తారు. చింతపండు పిసికి గింజ, ఈనె ఎంతుందో చూస్తారు. సామలు అరచేతిలో పోసుకుని ఊదుతారు. ఆ తర్వాతే ధర మాట. సరుకు ముందుంటే బొమ్మతో పనేముంది?

మేనకోడలు: సరుకు ముందున్న మాటే గదా ఇక్కడ లేనిది! బెంగళూరులో కూర్చుని ఫోను చూసేవాడు కొమ్ము విరవలేడు, గింజ ఊదలేడు. వాడికి కనబడేది గోరంత గుండ్రటి బొమ్మ, పక్కన పేరు. ఆ గోరంత చోటులో మనం ఎవరమో తెలియాలి. ఈసారి కొన్నవాడు మళ్లీ కొనాలనుకున్నప్పుడు వంద పసుపు ప్యాకెట్లలో మనదాన్ని ఎలా పట్టుకుంటాడు?

మావయ్య: నా భయమూ అదే. విరిచి చూపించలేని సరుకును బొమ్మ చూపించి అమ్మడం. పుచ్చిన కొమ్ములున్న ప్యాకెట్టు మీదా ఇంతే అందమైన బొమ్మ ఉంటుంది. బొమ్మ అబద్ధం ఆడినా దాని రంగు మారదు.

మేనకోడలు: అబద్ధమాడే మనిషి నోటిమాటతోనూ ఆడతాడు. దానికి బొమ్మనెందుకు తప్పుపట్టడం? అసలు గుర్తు చూసి కొనడం మనకు కొత్తా? మాంచెస్టర్ మిల్లుల గుడ్డ ఈ దేశానికి వచ్చిన రోజుల్లో తానుల మీద రంగురంగుల బొమ్మ చీటీలు అతికించేవారు. దేవుళ్లు, ఏనుగులు, పులులు. చదువురాని మనిషి కూడా ఆ బొమ్మ చూసే తనకు నచ్చిన గుడ్డను అడిగి తీసుకునేవాడు. మూడు భాషలున్న రాయగడకు అక్షరం అక్కర్లేని గుర్తు ఇంకా అవసరం. ఒడియా చదివేవారికీ, తెలుగు చదివేవారికీ, ఏదీ చదవనివారికీ అది ఒక్కలాగే అందుతుంది.

మావయ్య: ఆ ఏనుగు బొమ్మకు విలువ గుడ్డ ఇచ్చింది. ఉతికినా చిరగలేదు కాబట్టి ఏనుగును గుర్తుపెట్టుకున్నారు. నువ్వు బొమ్మను ముందు పెట్టి, సరుకు తర్వాత వస్తుందంటున్నావు.

మేనకోడలు: సరుకు మంచిదై, గుర్తు లేకపోతే ఏమవుతుందో చెప్పనా? ఆ పేరు ఇంకెవరికో పోతుంది. కోరాపుట్ కొండల్లో కాఫీ మొదలైంది 1930 ప్రాంతంలో, జయపురం రాజా రామచంద్ర దేవ్ పూనికతో. సరిహద్దుకు అటు అరకు, ఇటు నందపూర్, లమతాపుట్, పొట్టంగి. ఒకటే తూర్పు కనుమలు. ఇవాళ హైదరాబాదులో ఎవరినైనా అడగండి, అరకు కాఫీ అంటారు. కోరాపుట్ కాఫీ అనేవాళ్లు ఎంతమంది? అరకు రైతుల కాఫీ 2017లో పారిస్‌లో సొంత దుకాణం తెరిచింది. 2018లో అక్కడే ప్రి ఎపిక్యూర్ పోటీలో బంగారు పతకం తెచ్చుకుంది. 2019లో అరకు వ్యాలీ అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఒడిశా గిరిజన అభివృద్ధి సహకార సంస్థ రైతుల దగ్గర గింజ కొని ‘కోరాపుట్ కాఫీ’ అని సొంత పేరుతో అమ్మడం మొదలుపెట్టింది కూడా 2019లోనే. మొక్క వచ్చాక దాదాపు తొంభై ఏళ్లకు గానీ గింజకు పేరు రాలేదు.

మావయ్య: అరకును పారిస్‌దాకా మోసింది లోగో అనుకోకు. మొక్కను కత్తిరించడం, నీడ చెట్లు కాయడం, ఎర్రగా పండిన పళ్లనే ఏరడం, రైతులు సహకార సంఘంగా నిలబడడం, వీటికి ఏళ్లు పట్టింది. నాంది సంస్థ, అంతకుముందు నుంచీ విశాఖ గిరిజన సహకార సంస్థ, వీళ్లు కొండలెక్కి తిరిగారు. ఆ పని లేకుండా ఏ బొమ్మ గీసినా సీన్ నది దాటేది కాదు.

మేనకోడలు: ఒప్పుకుంటాను. ఆ పని లేకుండా గుర్తుకు విలువ లేదు. కానీ గుర్తు లేకుండా ఆ పని ఎవరిదో లోకానికి తెలియదు. మీరు చేసే పని సంగతే చూడండి. కొమ్ములు ఉడకబెట్టించి, ఎండబెట్టించి, ఏరించి పంపుతారు. మీ గోనె విశాఖలో విప్పాక అందులో పసుపు ఎవరెవరో తమ ప్యాకెట్లలో పోసి తమ బొమ్మ అతికిస్తారు. బాగుందని తిన్నవాడు వాళ్లను మెచ్చుకుంటాడు. మీ ఏరివేత ఎక్కడ కనబడింది?

మావయ్య: ఆ మాట తగిలింది. గోనె చేయి మారాక మా పేరు అక్కడే ఆగిపోతుంది, నిజమే. సరే, గుర్తు కావాలి అనుకుందాం. ఈ త్రికోణాలు ఎక్కడివి?

మేనకోడలు: నియంగిరి కొండల్లో ఉండే డోంగ్రియా గిరిజనుల శాలువా మీదివి. దాన్ని కప్డాగండా అంటారు. నియంగిరి మన జిల్లాలోదే కదా. ఈ ప్రాంతమనగానే తెలిసేది, చూడగానే మనసుకు పట్టేది అదే.

మావయ్య: పట్టేది కాబట్టే దాన్ని నువ్వు తీసుకోకూడదు. ఛటికొనలో బుధవారం సంతకు వెళ్లు. కొండ దిగి వచ్చే ఆ ఆడపిల్లల భుజాల మీద చూడు. కోరా రంగు ముతక గుడ్డ మీద సూదితో ఒక్కో వరుసా కుట్టుకుంటారు. అన్నదమ్ములకు ఇస్తారు, మనసైనవాడికి ఇస్తారు. ఆ త్రికోణం నియంగిరి కొండ. ఆకుపచ్చ ఆ కొండల పచ్చదనం. ఎరుపు వాళ్ల నెత్తురు, బలం. ఆ కొండ మీద బాక్సైట్ గని వస్తుందంటే, సుప్రీంకోర్టు తీర్పు తర్వాత 2013లో పన్నెండు ఊళ్ల గ్రామసభలు కూర్చుని వద్దన్నాయి. అది మా నియమరాజు ఇల్లు అన్నారు. ఆ ఇంటి బొమ్మను నా పసుపు ప్యాకెట్టు మీద వేసుకోవడానికి నేనెవరిని?

మేనకోడలు: గౌరవంతోనే వేస్తున్నాం మావయ్యా. పైగా చట్టం కూడా అడ్డు రాకపోవచ్చు. 2024 జనవరిలో భౌగోళిక గుర్తింపు వచ్చింది వాళ్ల శాలువాకు. మనం శాలువా అమ్మడం లేదు.

మావయ్య: చట్టం ఊరుకుంటే చాలా? బెంగళూరువాడు ఆ త్రికోణాలు చూసి ఏమనుకుంటాడు? ఇది డోంగ్రియాల సంఘం పసుపు, నా డబ్బు వాళ్లకు చేరుతుంది అనుకుంటాడు. అనుకోవాలనే కదా నువ్వు వేయించావు! మనం వాళ్ల దగ్గర అల్లం, పసుపు కొంటాం, నిజం. కొన్నంతలో వాళ్ల తరఫున నిలబడే హక్కు రాదు. ఎవరినైనా అడిగావా?

మేనకోడలు: అడగలేదు. మీరన్న చిక్కు మిగతా దేశాల్లోనూ వచ్చింది. అమెరికాలో నవాహో జాతి పేరుతో అర్బన్ అవుట్‌ఫిటర్స్ అనే బట్టల కంపెనీ సరుకు అమ్మితే, ఆ జాతి 2012లో కోర్టుకు వెళ్లింది. 2016లో రాజీ కుదిరింది. అయినా నాకు ఒక సందేహం. కొలంబియా కాఫీకి హువాన్ వాల్డెజ్ అని ఒక రైతు బొమ్మ ఉంది. తలమీద టోపీ, పక్కన కంచరగాడిద, వెనకాల కొండలు. దశాబ్దాలుగా ఆ బొమ్మ ప్రపంచమంతా తిరిగి కొలంబియా కాఫీకి పేరు తెచ్చింది. రైతు ముఖం వాడినందుకు అక్కడెవరూ నష్టపోలేదే?

మావయ్య: ఆ బొమ్మ ఎవరిది? కాఫీ కొనే వ్యాపారిదా?

మేనకోడలు: కాదు. 1927లో ఏర్పడిన అక్కడి కాఫీ రైతుల సమాఖ్యది.

మావయ్య: అయితే జవాబు నువ్వే చెప్పావు. రైతులు తమ ముఖాన్ని తామే పెట్టుకున్నారు. దాని మీద వచ్చే పేరూ వాళ్లదే, చెడ్డపేరు వస్తే బాధా వాళ్లదే. ఇక్కడ డోంగ్రియాలే ఒక సంఘంగా ఆ త్రికోణాలతో పసుపు అమ్మితే నేను మొదటి గిరాకీని. వాళ్ల గుర్తు నా కొట్టుకు తగిలించుకుంటే, రేపు వాళ్లు అదే గుర్తుతో బజారుకు వచ్చినప్పుడు మనమే వాళ్ల దారికి అడ్డం పడతాం.

మేనకోడలు: ఇథియోపియా సంగతి గుర్తొస్తోంది. సిదామో, హరార్, యిర్గాచెఫె అనే కాఫీ పేర్లను ఆ దేశ ప్రభుత్వం 2005లో అమెరికాలో ట్రేడ్‌మార్కులుగా నమోదు చేయించబోయింది. స్టార్‌బక్స్‌తో పెద్ద వివాదమే నడిచి, 2007లో ఒప్పందం కుదిరింది. పండించినవాళ్లు తమ ఊరి పేరు మీద తమ హక్కు కోసమే రెండేళ్లు పోరాడాల్సి వచ్చింది. సరే మావయ్యా, త్రికోణాలు తీసేస్తాను. అవి తీసేస్తే గుర్తే వద్దనరు కదా?

మావయ్య: అసలు మనకంటూ చూపించడానికి ఏముంది? మేం పండించేవాళ్లం కాదు, నేసేవాళ్లం కాదు. కొని అమ్మేవాళ్లం.

మేనకోడలు: ఉంది. గోదాములో పాత రేకు అచ్చు చూశాను. తాతయ్య గోనెల మీద నల్ల సిరాతో వేసింది. కుంచం బొమ్మ, మీద గోపురంలా గింజలు. అదేమిటని అత్తయ్యను అడిగితే కథంతా చెప్పింది.

మావయ్య: అదా! నాన్న చోళ్లు కొలిస్తే కుంచం అంచు దగ్గర ఆపేవాడు కాదు. పైన గోపురం నిలవాలి. కొండవాళ్ల దగ్గర కొనేటప్పుడు మాత్రం అంచు దగ్గర గీసి తీసుకునేవాడు. కొనేటప్పుడు గోపురం అడక్కు, అమ్మేటప్పుడు గోపురం మానకు అనేవాడు. కిలోలు వచ్చాక కుంచం పోయింది. కొట్టును మాత్రం పెద్దవాళ్లు ఇప్పటికీ కుంచం కొట్టనే అంటారు.

మేనకోడలు: ఇంతకన్నా మన సొంతమైనది ఏముంటుంది? పైగా లోగోకు కావలసిన లక్షణాలన్నీ ఇందులో ఉన్నాయి. రెండు నిలువు గీతలు, అడుగున ఒక గీత, పైన ఒక వంపు. ఫోనులో గోరంతగా కుదించినా అదేమిటో తెలుస్తుంది. గుండ్రంగా కత్తిరించినా అంచులు పోవు. ఒక్క రంగులో గోనె మీదా వేయొచ్చు, అట్టపెట్టె మీదా వేయొచ్చు. నా త్రికోణాలకు మూడు రంగులు లేకపోతే అర్థమే పోయేది. ఉచితంగా లోగోలు చేసే యాప్‌లలో దొరికే ఆకు, సూర్యుడు అయితే దేశంలో వేల ప్యాకెట్ల మీద ఉన్నాయి. అలాంటివాటికి చట్టంలో రక్షణ దొరకడమూ కష్టం, కొనేవాడి బుర్రలో చోటు దొరకడమూ కష్టమే.

మావయ్య: చట్టమన్నావు కాబట్టి అడుగుతున్నాను. గోనె మీద గుర్తును దొంగిలించాలంటే వాడు రాయగడ రావాలి. నువ్వు ఫోనులో పెట్టింది తెల్లారేసరికి ఎవడో దించుకుంటాడు.

మేనకోడలు: దించుకుంటాడు. అందుకే ప్రచారం మొదలుపెట్టే ముందే ట్రేడ్‌మార్కు దరఖాస్తు పెడదాం. కాఫీ, బియ్యం, మసాలా దినుసులు 30వ తరగతిలో వస్తాయి. మనలాంటి చిన్న సంస్థలకు ఆన్‌లైన్ రుసుము తరగతికి 4,500 రూపాయలు. ట్రేడ్‌మార్కుల జర్నల్‌లో ప్రకటించాక నాలుగు నెలల్లోపు ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చు. నమోదైతే పదేళ్లు, ఆ తర్వాత మళ్లీ పునరుద్ధరించుకోవచ్చు. నమోదయ్యాకే గుండ్రంలో ‘ఆర్’ అక్షరం వేయాలి. నమోదు కాకుండానే అయిందని వేసుకుంటే చట్టప్రకారం జరిమానా పడుతుంది. అమెజాన్‌లో నకిలీల మీద ఫిర్యాదు చేసే బ్రాండ్ రిజిస్ట్రీలో చేరాలన్నా ట్రేడ్‌మార్కు ఆధారం అడుగుతారు.

మావయ్య: బొమ్మను శుభ్రంగా గీసిచ్చే కుర్రాడికి డబ్బులిచ్చేస్తే అది మనదైపోతుందా?

మేనకోడలు: అవదు. చాలామంది జారిపోయేది అక్కడే. బయటివాళ్లతో గీయించిన బొమ్మ మీద కాపీరైటు మొదట గీసినవాళ్లదే. హక్కులు మనకు బదిలీ చేస్తూ రాసి సంతకం పెట్టించుకోవాలి. డబ్బు చేతిలో పెట్టే రోజే ఆ కాగితమూ తీసుకోవాలి.

మావయ్య: మంచిది. ఇంకో గుర్తుల గుంపు ఉంది, దాని మాట చెప్పు. మొన్న ఒక ప్యాకెట్టు చూశాను. ఆకుపచ్చ ఆకు, సేంద్రియం, కొండల నుంచి నేరుగా, అన్నీ రాసి ఉన్నాయి. నువ్వూ అవి పెడతావా?

మేనకోడలు: సేంద్రియం అని రాయాలని నాకుంది. కొండ మీద చాలామంది ఎరువులే వేయరు కదా.

మావయ్య: వేయరని నీకూ నాకూ తెలుసు. ఫలానా గోనెలో పసుపు ఫలానా చేనుదని కాగితం ఉందా? పది ఊళ్ల పసుపు గోదాములో కలుస్తుంది.

మేనకోడలు: కాగితం లేదు. ధ్రువీకరణ ఉన్న సరుకు మీదే జైవిక్ భారత్ గుర్తు వేయాలి. మన సరుకు మీద వేయకూడదు. భౌగోళిక గుర్తింపు చిహ్నమూ అంతే. దాన్ని 2018లో కేంద్రం విడుదల చేసింది. ఆ గుర్తింపు ఉన్న కోరాపుట్ కాలాజీర బియ్యం మనం అమ్మినా, అధికృత వినియోగదారుగా నమోదు చేయించుకోకుండా ఆ చిహ్నం పెట్టకూడదు. కంధమాల్ పసుపు అని రాస్తే గిరాకీ పెరుగుతుంది, కానీ మనది కంధమాల్ పసుపు కాదు. ఇక తప్పనిసరిగా ఉండాల్సింది ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ గుర్తు, దాని 14 అంకెల లైసెన్సు నంబరు.

మావయ్య: కాలాజీర మాట వచ్చింది కాబట్టి ఒకటి చెబుతాను. ఆ విత్తనాన్ని జయపురం దగ్గర పత్రాపుట్ లాంటి ఊళ్లు కాపాడాయి. ఆ ఊరి కమలా పూజారికి 2019లో పద్మశ్రీ వచ్చిందంటే నాటు విత్తనాలను పోగొట్టకుండా దాచినందుకే. కోరాపుట్ సేద్యాన్ని 2012లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ప్రపంచ ప్రాముఖ్యం గల వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. మన పేజీలో ఆ బియ్యం బొమ్మ పెట్టినప్పుడు మన కుంచం ఎంత పెద్దగా ఉంటుందో, అది ఎవరి బియ్యమో చెప్పే మాట అంతకు తగ్గకుండా ఉండాలి. అమ్మేది మనం, పండించింది వాళ్లు. రెండూ విడివిడిగా కనబడాలి.

మేనకోడలు: అలాగే. కానీ ఒక దాంట్లో నేను దిగిరాను. లోగోలో రాయగడ పేరు ఉండాలి. ‘కుంచం రాయగడ’. ఊరి పేరు లేకపోతే ఈ ప్రాంతానికి మన వల్ల ఏం మేలు?

మావయ్య: ఊరి పేరు మనకెలా రాసిస్తారు? రేపు పక్క కొట్టువాడూ పెట్టుకోవాలి కదా.

మేనకోడలు: ఉత్త ఊరి పేరును ఒక్కరికే కట్టబెట్టడానికి ట్రేడ్‌మార్కు చట్టమూ ఇష్టపడదు. నేనడిగేది సొంతం చేసుకోవడానికి కాదు, చెప్పుకోవడానికి. పది కొట్లు రాయగడ పేరు వేసుకుంటేనే కదా ఆ పేరు బయటికి పాకేది.

మావయ్య: పది కొట్లలో ఒకటి కల్తీ చేస్తే పదింటికీ మచ్చ. డార్జిలింగ్ పేరును, ఆ టీ ఆకులు పట్టుకున్న అమ్మాయి గుర్తును టీ బోర్డు కాపలా కాస్తుంది. 2004లోనే దేశంలో మొదటి భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్నారు. రాయగడ పసుపుకు కాపలా ఎవరు? ఆ కాపలా ఏర్పడేదాకా ఊరి పేరును గుర్తులో కలపకు. చిరునామాలో మాత్రం పెద్ద అక్షరాల్లో రాయి.

మేనకోడలు: నాకు పూర్తిగా నచ్చలేదు. వర్తక సంఘంలో ఈ మాట నేనే లేవనెత్తుతాను. రైతు సంఘాలు, కొట్లు కలిసి ఒక నాణ్యత ప్రమాణం పెట్టుకుంటే ఊరి పేరు అప్పుడు అందరం వాడుకుందాం. ఈలోగా చిరునామాకు ఒప్పుకుంటాను. ఎలాగూ 2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం అమ్మేవాళ్ల పేరు, చిరునామా, ఫిర్యాదులు వినే మనిషి వివరాలు ఇవ్వాలి.

మావయ్య: అది ఎక్కడో అడుగున సన్నటి అక్షరాల్లో పెట్టకు. కుంచం గుర్తు ఎక్కడ కనబడితే అక్కడ, దాన్ని ఆనుకునే ఉండాలి. గుర్తు చూసి కొన్నవాడికి పురుగు పట్టిన సరుకు వస్తే, ఆ గుర్తే వాణ్ణి మన దగ్గరకు తీసుకురావాలి. అమ్మేటప్పుడు కనబడి, ఫిర్యాదప్పుడు కనబడని గుర్తు నాకొద్దు.

మేనకోడలు: ఇందులో వ్యాపారానికీ లాభమే ఉంది. పాడైన సరుకును మాట పెంచకుండా మార్చి ఇచ్చిన కొట్టు గురించి జనం తమంతట తామే నలుగురికి చెబుతారు. డబ్బు పెట్టి చేసే ప్రకటన అంత పని చేయదు. నెలనెలా ఎంతమంది చూశారో, ఎంతమంది కొన్నారో లెక్కలు మీకు పంపుతాను.

మావయ్య: చూసినవాళ్ల లెక్క నీ దగ్గరే ఉంచుకో. రెండోసారి కొన్నవాళ్లు ఎంతమంది, తిప్పి పంపినవాళ్లు ఎంతమంది, ఎందుకు పంపారు, ఆ మూడూ నాకు పంపు. గుర్తు పని చేస్తోందో లేదో వాటిలోనే తెలుస్తుంది.

మేనకోడలు: మరి ఫిర్యాదుల నంబరు ఎవరిది పెట్టను? విశాఖలో మా ఆఫీసుదా?

మావయ్య: నాది పెట్టు. ఆ కుంచం మా నాన్న కొలిచింది. దాని మీద మాట వస్తే పడాల్సినవాణ్ణి నేనే.